ఉమ్మే నీళ్ళు

జూన్‌లో యోహాను పండుగ మంటలు ఆరిన మర్నాడు కొలకర్ర దించి చూస్తే తొట్టిలో నాలుగు వందల ఇరవై డబ్బాల నీళ్ళున్నాయి. రోజుకు రెండున్నర డబ్బాలు వాడుతున్నాం. అలాగైతే డిసెంబరు రెండో వారానికి తొట్టి అడుగు కనిపిస్తుంది. వాన, వస్తే గిస్తే, జనవరిలో. మధ్యలో నెలన్నర ఖాళీ. ఆ ఖాళీని ఎలా పూడ్చాలా అని ఆ ఉదయం తొట్టి గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. కూడికలో గానీ తీసివేతలో గానీ ఈ నెస్తోర్ తప్పు చేశాడని బ్రెజిల్‌లోని మా పియావీ రాష్ట్రం మొత్తంలో ఎవరూ అనలేరు. ఆ రోజు కూడా చేయలేదు.

పెద్రాసోల్తా గుట్టల్లో అది వరుసగా మూడో కరువు. బావి తవ్వితే పడేది ఉప్పునీరు, గాడిదలు కూడా మూతి తిప్పుకునేవి. ఇంటి పెంకుల మీది వాన నీళ్ళు పట్టి దాచుకోవడానికి మూత ఉన్న తొట్టి కట్టించుకున్నవాణ్ణి పదిహేను గడపల్లో నేనొక్కణ్ణే. గుట్ట కింద నాకు దుకాణం. కర్రపెండలం పిండి, ఎండుమాంసం, బెల్లం దిమ్మలు, తాళ్ళు, పారలు అమ్ముతాను. అమ్మకం పడిపోయిందని ఆ ఏడాది మార్చిలో ఓపల్ అనే రంగురాళ్ళ కోసం ఒక గుంట కూడా పెట్టించాను.

మా పద్ధతి ఇది. తవ్వేవాడు ఒకడు, తిండీ నీళ్ళూ పెట్టేవాడు ఒకడు. దొరికింది చెరిసగం. ఇద్దరూ గిలక కర్ర మీద చేతులు వేసి ఒప్పుకుంటారు. అప్పటినుంచీ కింద ఇక రాళ్ళుండని ఎర్రబండ గుంట అడుగున తగిలేదాకా, లేదంటే పెట్టేవాడే నలుగురి ముందు గుంట మూసేదాకా, తవ్వేవాడు పోకూడదు, పెట్టేవాడు ఆపకూడదు. మాట తప్పి పోయినవాడికి ఈ గుట్టల్లో మళ్ళీ ఎవరూ పిడికెడు పిండి పెట్టరు. మాట తప్పి ఆపినవాడి గుంటలోకి మళ్ళీ ఎవడూ దిగడు.

నా గుంటలోకి దిగింది నా బావమరిది అబ్దియాస్. ఇరవై నాలుగేళ్ళవాడు. భార్య జోవెలీనా నీళ్ళోసుకుంటే, ఇక్కడ కానుపు చేయించడానికి కడిగే నీళ్ళు కూడా ఉండవని పక్క రాష్ట్రం మారన్యావ్‌లో ఆమె పుట్టింటికి పంపేశాడు. అక్కడ వాగులున్నాయి, వరి పండుతుంది. ఒక్క మంచి రాయి దొరికితే సగం పట్టుకుని తనూ వెళ్ళి నాలుగు మడులు కౌలుకు తీసుకోవాలని అతని ఆశ. దానికోసమే తెల్లారేసరికి గుంటలో ఉండేవాడు.

నీళ్ళున్న చోట్ల మట్టిని ఏట్లో కడుగుతారట, రాయి రంగు దానంతటదే కనిపిస్తుందట. మాకంత భాగ్యం లేదు. తీసిన బంకమట్టిని రెండు రోజులు ఎండబెట్టి, కర్రలతో కొట్టి, జల్లిస్తాం. జల్లెడలో మిగిలే బొటనవేలంత రాళ్ళన్నీ ఒకే తెల్లటి దుమ్ము కప్పుకుని కవల పిల్లల్లా ఉంటాయి. అందులో ఏది ఓపల్ అన్నది చెప్పేది నాలుక ఒక్కటే. నాకి చూస్తే గుడ్డిరాయి నాలుకకు అతుక్కుంటుంది. ఓపల్ జారిపోతుంది. జారినచోట తడికి పచ్చా ఎరుపూ నిప్పురవ్వల్లా మెరుస్తాయి.

ఆ పని చేసేది మా అత్తగారు దోన కితేరియా, ఆమెకు తోడు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు. కర్నౌబా తాటాకుల పందిరి కింద కూర్చునేవారు. అత్తగారు నలభై ఏళ్ళుగా అదే పనిలో ఉంది. నాలుక మొద్దుబారుతుందని పైపు మానేసింది, మిరపకాయ మానేసింది. కితేరియా పారేసిన రాయిని పిచ్చుక కూడా ముక్కుతో తాకదని మా గుట్టల్లో సామెత.

పందిరి కిందికి వెళ్ళి చెప్పాను.

"అత్తా, రేపట్నుంచి పుక్కిలింతలు బంద్."

"ఏంటి బంద్?"

"పుక్కిలించి ఉమ్మడం. పది రాళ్ళకోసారి నోరు కడుక్కుని ఇసకలో ఉమ్మేస్తున్నారు. ముగ్గురిదీ కలిపి రోజుకు అరడబ్బా. నిన్న కొలిచాను."

"ఏమే విన్నారా, మన ఉమ్మి కూడా కొలిచాడంట," అంది ఆవిడ పక్కవాళ్ళతో. "స్వర్గానికెళ్ళినా మా అల్లుడు పేతురు గారి పక్కన కొలకర్ర పట్టుకుని నిలబడతాడు."

వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దుకాణదారుకు నవ్వడం ఖర్చు కాదు.

"తాగే నీళ్ళకు అడ్డం చెప్పను. మనిషికి మూడు లోటాలు, గుంటలో వాడికి నాలుగు. కానీ ఉమ్మే నీళ్ళు ఇవ్వలేను. నీడలో కూర్చుని చేసే పనికి అన్ని నీళ్ళెందుకు?"

"నాలుక కూడా పనిముట్టే అల్లుడూ. నీ పారలకు సాన పట్టవూ?"

"పట్టిస్తాను. కానీ సాన పట్టినందుకు పార అరడబ్బా తాగదు."

ఆవిడ చేతిలో రాయిని పారబోత గుట్ట మీదికి విసిరింది. "సరే. నీళ్ళు నీవి. కితేరియా ఏదీ రెండోసారి అడగదు."

ఆ మాట నిలబెట్టుకుంది.

రోజుకు రెండు డబ్బాలైతే తొట్టి జనవరి ఇరవై దాకా వస్తుంది. ఖాళీ పూడింది. ఆ రోజు నాకు నిండుగా భోంచేసినట్టు ఉండింది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ గుంటలో అయిదు రాళ్ళు దొరికాయి. చిన్నవే, కానీ మా తిండి అవే పెట్టాయి. జూలైలో ఒక్కటీ లేదు. ఆగస్టులో లేదు. పొర మారిందన్నాను నేను. ఇంకా కిందుందన్నాడు అబ్దియాస్. తొమ్మిది బారలు దిగాం. రోజూ అదే మట్టి, అదే ఎండ, అదే జల్లెడ చప్పుడు. పందిరి కింద ముగ్గురు ఆడవాళ్ళు రాయి తీయడం, నాకడం, వెనక్కి విసరడం. పారబోత గుట్ట పందిరి కంటే ఎత్తు పెరిగింది.

సెప్టెంబరులో పిండి లారీ డ్రైవరు ఉత్తరం తెచ్చాడు. అబ్దియాస్‌కు చదువు రాదు, నా భార్య లిందాల్వా చదివి వినిపించింది. కొడుకు పుట్టి నలభై రోజులైందట. వాడికి వాళ్ళ నాన్న చెవులేనట. వాగులో స్నానం చేయిస్తే ఏడవడట.

అబ్దియాస్ ఉత్తరం మడిచి టోపీలో పెట్టుకుని దుకాణం అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"బావా, గుంట మూసెయ్."

"ఎర్రబండ తగల్లేదుగా."

"తగిలేదాకా అంటే నా కొడుక్కి మీసాలొస్తాయి."

"ఆరు నెలలుగా తిండి పెట్టాను. ఇప్పుడు మూస్తే అదంతా గాలికి పోయినట్టే. ఇంకో బారెడు దిగితే తగలొచ్చు."

"తగలకపోవచ్చు కూడా."

"అందుకే దిగాలి మరి."

వాడు నవ్వాడు గానీ అందులో నవ్వు లేదు. "నువ్వు నన్ను పట్టుకున్నావా, గుంట నిన్ను పట్టుకుందా బావా?"

నాకు జవాబు తెలుసు. ఆపితే పెట్టినదంతా పోతుంది. ఆపకపోతే ప్రతి వారం పెట్టినది పెరుగుతుంది, పెరిగే కొద్దీ ఆపడం ఇంకా కష్టమవుతుంది. గుంటలో ఉన్నవాడికి పైకి రావడానికి తాడుంది. పైనున్న నాకు అది కూడా లేదు. ఆ మాట వాడితో అనలేదు. "రేపు గిలక తాడు మార్చాలి, అరిగింది," అన్నాను.

అక్టోబరు నాలుగో తారీఖు నాకు బాగా గుర్తు. మధ్యాహ్నం పందిరి కింద కేక వినబడింది. పరుగెత్తాను. అత్తగారి అరచేతిలో చింతగింజంత రాయి, పాలమీగడలో పచ్చనిప్పు దాచినట్టు. అబ్దియాస్ గుంటలోంచి పైకొచ్చి ఆవిణ్ణి ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. "దింపరా గాడిదా, నా ఎముకలకు అతుకులు లేవు," అని ఆవిడ తిడుతోంది. లిందాల్వా పావడా అంచుతో కళ్ళు తుడుచుకుంది. మూడు నెలల తర్వాత మా ఇంట్లో నవ్వులు.

అంత సంతోషంలోనూ ఆ సాయంత్రం కొలకర్ర తీశాను. అది నా అలవాటు. తొట్టిలో కొంచెం తక్కువ తేలింది. కొంచెమే. కానీ తక్కువే.

"ఎవరు ముంచారు?" అన్నాను.

లిందాల్వా పొయ్యి దగ్గర చిక్కుళ్ళు ఉడికిస్తోంది. వెనక్కి తిరగకుండానే చెప్పింది. "నేనే. పొద్దున అమ్మకి నాలుగు లోటాలు ఇచ్చా. నోరు కడుక్కోడానికి. నాలుక తోలులా అయిపోయింది, అన్నం రుచి తెలియట్లేదంది."

"నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

నా మెడలో మర్నాటి నుంచి తాళంచెవి వేలాడింది. దుకాణంలో అమ్మకానికి పెట్టిన తాళాల్లో పెద్దది తొట్టి మూతకు వేశాను. ఆ పనిలో నాకు తప్పేమీ కనబడలేదు. ఇంటి మనుషులకు తాళం అవమానమే, కానీ ఆ ఏడాది గుట్టల్లో రెండు ఇళ్ళవాళ్ళు నీళ్ళ కోసం కొట్టుకున్నారు. అబ్దియాస్ తాళం చూశాడు, గిలక తాడు చూశాడు, గుంటలోకి దిగిపోయాడు. అత్తగారు మాత్రం పందిరి కిందికి పోతూ లిందాల్వాతో అంది: "నీ మొగుడి మెడలో సిలువ ఉండాల్సిన చోట తాళంచెవి ఉందే. దేవుడు గుర్తు పడతాడో లేదో."

ఆ తర్వాత రాయి దొరకలేదు. అక్టోబరు అంతా లేదు. నవంబరు అంతా లేదు. ఆ ఒక్క రోజు ఏం జరిగిందో, మిగతా రోజుల్లో ఏం జరగలేదో పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు. అమ్మకాలూ కొనుగోళ్ళూ రోజూ పక్కపక్కన పెట్టి చూసేవాణ్ణి.

నవంబరులో గాలి కూడా ఆగిపోయింది. జెముడు కాల్చి గాడిదలకు పెట్టాం. పదకొండు బారల లోతున అబ్దియాస్ పారకు ఇంకా మట్టే తగులుతోంది. మేం నలుగురం ఒకే ఇంట్లో, ఒకే కుండ చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళం కాదు. అత్తగారు మునుపు తిండి దగ్గర కబుర్లు చెప్పేది. ఇప్పుడు నోరు తెరిస్తే పెదాలు పగిలి రక్తం వచ్చేది.

డిసెంబరు పదమూడు పునీత లూసియమ్మ పండుగ. ముందురోజు పొద్దుగూకుతుండగా ఆరు ఉప్పు రాళ్ళు పలక మీద వరుసగా పెట్టి ఆరుబయట ఉంచుతారు. జనవరి నుంచి జూన్ దాకా నెలకొకటి. పొద్దున ఏ రాయి చెమ్మగిల్లితే ఆ నెల వాన. ఆ ఉదయం నేనే పలక తెచ్చాను. ఆరూ ఎండి గలగలమన్నాయి. అబ్దియాస్ ఒక్కోదాన్నీ వేలితో రుద్ది చూశాడు. చివరిది, జూన్‌ది, నోట్లో వేసుకుని నమిలాడు.

తొట్టిలో ఎనభై డబ్బాల దాకా ఉన్నాయి. ఆరు నెలలు వాన లేదంటే, గుంటలో ఒక మనిషీ, గిలక దగ్గర ఇద్దరు కూలీలూ, జల్లెడ దగ్గర ముగ్గురూ నా నీళ్ళు తాగి నన్నే ముంచుతారు. వాడి వైపు చూశాను. టోపీలో ఉత్తరం అంచు చెమటకు నల్లబడింది.

"పద," అన్నాను. "నలుగుర్ని పిలువు. మూసేద్దాం."

లిందాల్వా దాన్ని దయ అనుకుంది. చాలా రోజుల తర్వాత నా భుజం మీద చెయ్యి వేసింది. సగం దయే. మిగతా సగం నాకు తెలుసు.

గుంట మూయడమంటే మట్టి పూడ్చడం కాదు. పెట్టేవాడు గిలక తాడు కోసి, పారబోతలోంచి గుప్పెడు రాళ్ళు తీసి బాట మీదికి చల్లాలి. అక్కడితో ఒప్పందం తెగుతుంది. తవ్వేవాడికి విడుదల. గుంటా, దాని పారబోతా ఇక ఊరందరిదీ, ఎవరైనా ఏరుకోవచ్చు. ఎనిమిది మంది చూస్తుండగా తాడు కోశాను. గుప్పెడు చల్లాను. ఎవరూ వంగి కూడా చూడలేదు. కితేరియా పారేసిన రాళ్ళు కదా.

మర్నాడు లారీ ఎక్కుతూ అబ్దియాస్ నా చెయ్యి పట్టుకున్నాడు. అక్టోబరు రాయి డబ్బులో తన సగం, ఒక సంచి పిండి, బెల్లం దిమ్మ. తొమ్మిది నెలల పనికి అంతే. మడులు కౌలుకు రావు, బస్సు ఖర్చులకు సరిపోతుంది.

"బావా, గుంట నిన్ను వదిలిందా మరి?"

"వదిలింది పోరా."

"అయితే ఆ తాళం తీసెయ్," అని లారీ మీదినుంచి అరిచాడు. దుమ్ములో టోపీ ఒక్కటే కనబడింది.

జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండుగ నాటి మధ్యాహ్నం, అంటే వాడు వెళ్ళిన ఇరవై మూడు రోజులకు, తూర్పున ఒక మబ్బు లేచింది. ఎవరూ లెక్క చేయలేదు. తర్వాత గాలి, తర్వాత చెవులు చిల్లులు పడే ఉరుము, తర్వాత గంటసేపు వాన. కుండలు బోర్లించి పోసినట్టు పోసింది. పెంకుల మీంచి కాలువలోకి, కాలువలోంచి తొట్టిలోకి నీళ్ళు గుర్రాల్లా పరుగెత్తాయి. నేను తాళం తీసి మూత పక్కకు లాగేసరికి తొట్టి నిండి గట్టు మీంచి పొర్లుతోంది. ఆరు వందల డబ్బాలు. రోజుకు అరడబ్బా చొప్పున ఆరు నెలలు నేను మిగిల్చినవి ఎనభై ఆరు. అవి ఆ పొర్లే నీళ్ళతో కలిసి వాకిట్లోంచి బాట మీదికి పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఉప్పు అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత జూన్ దాకా చుక్క పడలేదు. ఉప్పు నెలల సంగతి చెబుతుంది, ఒక్క మధ్యాహ్నం సంగతి చెప్పదు.

తెల్లారి ఆడవాళ్ళ కేకలకు లేచాను. గుట్ట వైపు వెళ్ళాను. సూర్యుడు అడ్డంగా కొడుతున్నాడు. పారబోత గుట్ట దుమ్మంతా కడుక్కుపోయి శుభ్రంగా ఉంది. దాని ఒళ్ళంతా అక్కడక్కడ పచ్చగా, ఎర్రగా, నీలంగా మెరుస్తోంది. పదిహేను గడపల ఆడవాళ్ళూ గిన్నెలు పట్టుకుని గుట్ట మీద ఉన్నారు. ఒక్కొక్కరు రాయి తీసి ఎత్తి చూపుకుంటున్నారు. నాకడం అక్కర్లేదు. కళ్ళు చాలు. ముప్పై తొమ్మిది దాకా లెక్కపెట్టాను. ఆ తర్వాత ఆపేశాను.

"ఏం నెస్తోర్, నువ్వూ ఏరుకో, ఊరందరిదీ కదా!" అంది ఒకామె. వెక్కిరింత కాదు. నిజంగానే పిలిచింది. నేను గుట్ట అంచు వైపు నడిచాను.

అత్తగారు గుట్ట అంచున తడి ఇసకలో కూర్చుని ఉంది. పక్కన వాన నీళ్ళు పట్టిన గిన్నె. ఒక గుక్క పోసుకుంది, తీరిగ్గా పుక్కిలించింది, ఉమ్మింది. గుట్టలోంచి ఒక రాయి తీసి నాలుక మీద పెట్టుకుంది. జారింది. అరచేతిలో పట్టుకుంది. మరోటి తీసింది. అదీ జారింది.

"అత్తా," అన్నాను.

"నాలుక మీద దుమ్ము అట్టకట్టుకుంటే అన్నీ అతుక్కుంటాయి అల్లుడూ. మంచిదీ అతుక్కుంటుంది, గుడ్డిదీ అతుక్కుంటుంది."

"నీకు తెలుసా?"

"సెప్టెంబరులో అనుమానం వచ్చింది. అక్టోబరులో నమ్మకం కుదిరింది." రాయిని ఒడిలో వేసుకుంది. "తప్పు పారేశానని కితేరియా ఎలా చెబుతుంది? ఇంకో లోటా ఇవ్వమని ఎలా అడుగుతుంది? ఒకసారి అడిగానుగా."

"నీ కొడుకు..."

"ఊఁ. నా కొడుకే." ఇసకలో వేళ్ళు గుచ్చింది. "నీకు తాళం, నాకు పరువు. వాడు మాత్రం గుంటలో ఉన్నాడు."

ఆవిడ ఒడిలో ఏడు రాళ్ళు చేరాయి. పద్ధతి ప్రకారం అవి ఆవిడవే. వారం తిరక్కుండా రాళ్ళ వ్యాపారి జీపు వచ్చింది. అమ్మగా వచ్చిన డబ్బు పావడా మడతలో కట్టుకుని, మారన్యావ్‌కు పోతానంది. నాలుగు మడులు కౌలుకు తీసుకోవడానికి సరిపోతుందంది. అడ్డు చెప్పడానికి అందులో నా సగం ఎక్కడుంది?

లిందాల్వా రెండు గుడ్డ ఊయల పక్కలు చుట్టింది. ఒకటి వాళ్ళమ్మది. రెండోది మాది.

"అమ్మని ఒక్కదాన్నే అంత దూరం పంపలేను," అంది.

"నిజమే. ఎప్పుడొస్తావ్?"

ఆమె ముడి బిగించి పళ్ళతో లాగింది. "నీళ్ళున్న చోట కొన్నాళ్ళు నోరు కడుక్కుంటాను నెస్తోర్. కడుక్కున్నాక చూస్తా."

లారీ దాకా గాడిద మీద సామాను నేనే చేరవేశాను. అత్తగారు ఎక్కుతూ నా మెడ వైపు చూసింది. తాళంచెవి ఇంకా అక్కడే ఉంది. తీయడం మర్చిపోయాను. ఆవిడ ఏమైనా అని ఉంటే బాగుండునని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి తొట్టి దగ్గరికి వెళ్ళాను. ఒక లోటా ముంచి, నోట్లో పోసుకుని, పుక్కిలించి ఇసకలో ఉమ్మాను. మళ్ళీ ముంచాను, మళ్ళీ ఉమ్మాను. నోట్లో ఏ రుచీ తెలియలేదు. తర్వాత అలవాటు కొద్దీ కొలకర్ర దించాను. అంచుకు వేలెడు తక్కువ, దాదాపు ఆరు వందల డబ్బాలు. మనిషిని ఒక్కణ్ణే. రోజుకు పావు డబ్బా చాలు.

లెక్క వేశాను. ఆరున్నరేళ్ళు వస్తాయి.